నుస్రత్ ఆపా కోసం ఒక గది

గోదావరిఖని,
జూలై 14, 2024.

నుస్రత్ ఆపాకు,

గోడ పక్క చెల్లెలు సువార్త వందనాలు. ఫోన్‌లో నా మాట నీకు గుయ్‌మనే మోతలాగా వినబడుతోందని నీ కూతురు మెహ్రీన్ చెప్పింది. తను కొనిచ్చిన చెవి మిషను డబ్బా దాటి బయటికి రాలేదని కూడా నీ మీద చాడీలు చెప్పింది. నీ చెవులు మొండికేస్తే నాకు చేతులున్నాయి. నువ్వూ తెలుగు బడిలో చదివినదానివే, దస్తూరీ కూడా నాకంటే మంచిది. కాబట్టి జవాబు రాయకుండా తప్పించుకోలేవు.

సంగతేమిటంటే, మా ఆయన, అదే మీ సామ్యేల్ భాయ్, నవంబరు నెలాఖరుకు గని నుంచి రిటైర్ అవుతున్నాడు. ఆ వెంటనే కంపెనీ క్వార్టర్ అప్పజెప్పి రామగిరిలో కట్టుకున్న ఇంటికి పోతాం. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గది మాది. వెనక గది నీది. సరిగ్గానే చదివావు, నీదే. నువ్వు శ్రీరాంపూర్ వెళ్ళి పదేళ్ళయింది. ఎప్పుడొచ్చినా మా గడపలో కూర్చొని, చాయ్ తాగి, బస్సు పోతుందని లేస్తావు. ఒక్క రాత్రి ఉండలేదు. నిన్ను అనడానికి నాకు నోరు లేదులే. మా క్వార్టర్‌లో చాప పరిచే జాగా ఉంటే కదా ఉండమని పట్టుబట్టడానికి.

ఇరవై ఏళ్ళకు పైగా ఒకే గోడకు అటు నువ్వు, ఇటు నేను బతికాం. మిగిలిన రోజుల్లోనైనా నువ్వు వచ్చి నా దగ్గర ఉండాలి. అందుకని ఆ గదిలో ఒక్క వస్తువు కూడా పెట్టనివ్వనని పంతం పట్టాను. మీ భాయ్ లెక్క వేరు. "ఎనక రూముల సామాను ఏసుకుందాం, ఏది ఎప్పుడు అక్కరకస్తదో ఎవరికెరుక" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, నీకు తెలియంది కాదు.

మా ఇల్లు నువ్వు చూసిందే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే సజ్జ మీద గిన్నెలన్నీ గలగలమంటాయి. ఎవరిదో రిటైర్‌మెంటుకు పంచిన స్టీలు డబ్బాలు, పిడి ఊడిన కుక్కర్లు, మూడు గోడ గడియారాలు. మూడూ మూడు టైములు చూపిస్తాయి. నర్సు ఉద్యోగం చేసుకుంటున్న మా క్రిస్టినా మూడో తరగతి బూట్లు కూడా ఉన్నాయి.

నువ్వెలా చేశావు ఆపా? మొయిన్ అన్న గుండె ఆగి పోయాక, నలభయ్యో రోజు ఫాతిహా అయ్యీ కాగానే ఇల్లంతా పంచేసి, రెండు సంచులతో మెహ్రీన్ చేయి పట్టుకొని బస్సెక్కావు. మన క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళందరం గుడ్లప్పగించి చూశాం. ఇప్పటికీ నల్లా దగ్గర ఆ మాట వస్తుంది, మనిషంటే నుస్రత్ బేగమని. ఆ కిటుకు నాకు చెప్పు.

ఇంకొకటి. మొయిన్ అన్న రాగి దేగ్ ఏం చేశావు? మన లైనులో ఎవరు రిటైర్ అయినా ఆ రోజు దావత్‌కు బగారన్నం అందులోనే ఉడికేది, అన్న చేతితోనే. నువ్వు పంచిన సామానులో అది ఎవరి ఇంటికీ పోయినట్టు నాకు గుర్తు లేదు. అడుగుదామని పదేళ్ళుగా అనుకుంటున్నాను.

గది నీ కోసం చూస్తుంటుంది.
సువార్త

•

శ్రీరాంపూర్,
ఆగస్టు 2, 2024.

చెల్లె సువార్తకు,

నుస్రత్ దువా. ఉత్తరం అందింది. మెహ్రీన్‌కు కూడా చదివి వినిపించాను, చాడీలు అన్నచోట కొంచెం గట్టిగా.

కిటుకులు ఏమీ లేవు. చిన్న మాట చెబుతాను. ఏ వస్తువునైనా చేతిలోకి తీసుకొని, ఇది నాకు ఇష్టమా అని అడుగకు. నీకు అన్నీ ఇష్టమే. పిడి లేని కుక్కర్ మీద కూడా నీకు జాలి. "దీనితో ఎవరికి పని?" అని అడుగు. నీకే పని ఉంటే ఉంచు. ఇంకొకరికి పని ఉంటే వాళ్ళ చేతికి పోవాలి. ఎవరికీ లేకపోతే పాత సామాను బండికి వెయ్యి, వెనక్కి తిరిగి చూడకు.

ఇంకో ముచ్చట. వచ్చి తీసుకుపొమ్మని ఎవరికీ కబురు పెట్టకు. నువ్వే మోసుకెళ్ళి వాళ్ళింట్లో ఇవ్వు. అక్కడ దానికి చోటు దొరకడం కళ్ళతో చూశావంటే నీ మనసు కుదుటపడుతుంది. ఆయన సైకిలు పాలుపోసే లింగమూర్తికి ఇచ్చాను, గుర్తుందా? మర్నాడు పొద్దున లైనులో ఆ బెల్లు మోగింది. ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఆయన ఫస్టు షిఫ్టుకు పోతున్నాడు కదా అనిపించి, లేచి పొయ్యి ముట్టించాను.

దేగ్ ఒక నమ్మకమైన మనిషి దగ్గర ఉంది. అంతకంటే అడుగకు.

గది నా కోసం ఆపకు. చెవిటిదాన్ని పక్కన కూర్చోబెట్టుకొని నువ్వేం మాట్లాడతావు? సామ్యేల్ భాయ్‌నే సామాను పెట్టుకోనీ.

నీ ఆపా
నుస్రత్

•

గోదావరిఖని,
ఆగస్టు 28, 2024.

ఆపాకు,

ఆ ఆఖరి ముక్క తప్ప నీ ఉత్తరం మొత్తం తలకెక్కించుకున్నాను. చెవులు వినపడకపోతే ఇద్దరం కూర్చొని చింతపండు గింజలు తీద్దాం. దానికి మాటలెందుకు?

నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. మీ భాయ్ డ్యూటీకి పోగానే కొంగు బిగిస్తున్నాను. గడియారాల్లో సరిగ్గా నడిచేది ఒకటి చర్చిలో సండేస్కూలు గదికి పోయింది. పిల్లలు పాట మధ్యలో కూడా దాన్నే చూస్తున్నారట, ఎప్పుడు వదులుతారా అని. స్టీలు డబ్బాలు మూల క్వార్టర్ పూలమ్మకు ఇచ్చాను, ఆమె పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది కదా. వారం తిరిగేసరికి అందులో ఒక డబ్బా నిండా మామిడికాయ తొక్కు పెట్టి నాకే పంపింది. ఒకటి పోయిందనుకుంటే నిండి వచ్చింది.

మా అవ్వ విసుర్రాయి దగ్గర మాత్రం చేతులు ఆడలేదు. దాని పక్కన కూర్చొని ఏడ్చాను, నీ దగ్గర దాచేదేముంది. చివరికి పప్పులు విసిరి అమ్మే ఒక ముసలామె ఇంటికి ఆటోలో తీసుకెళ్ళాను. ఆమె అప్పటికప్పుడు గుప్పెడు కందులు పోసి తిప్పింది. ఆ చప్పుడు అచ్చం మా అవ్వ తిప్పినట్టే ఉంది ఆపా. నువ్వన్నది నిజం. చోటు చూశాక మనసు కుదుటపడింది.

రోజూ నిన్నే తలుచుకుంటున్నాను. ఇవన్నీ తీయడానికి నాకు నెల పట్టింది. నువ్వు మనిషిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉండి వారంలో చేశావు. ఆ గుండె ఎక్కడిది నీకు?

ఇల్లు చాలావరకు తేలిక పడింది. మిగిలింది వెనక రేకుల షెడ్డు. అందులో మీ భాయ్ పాత బూట్లు, తాళ్ళు, గోనెసంచీ చుట్టి కుట్టిన ఒక పెద్ద బొగ్గుల డ్రమ్ము. గ్యాసు వచ్చి ఎన్నేళ్ళయింది, మాకు బొగ్గుతో పనేమిటి? తీసేద్దామంటే నా మీదికి లేచాడు. పెళ్ళయినప్పటి నుంచి నా మీద గొంతు పెంచని మనిషి "షెడ్డుల చెయ్యి పెడితె మంచిగుండదు" అన్నాడు. భూమి లోపల తవ్వింది చాలదా, ఇంట్లో కూడా బొగ్గుకు కాపలా కావాలా? ఆ డ్రమ్ము కొత్తింటికి వస్తే వెనక గదిలోకే వస్తుంది. అంటే నీ జాగాలోకి. నేను రానిస్తానా?

సువార్త

•

శ్రీరాంపూర్,
సెప్టెంబరు 15, 2024.

సువార్తకు,

విసుర్రాయి సంగతి చదివి చాలాసేపు ఉత్తరం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. నువ్వు ఇంత చేయగలవనుకోలేదు. కంటినిండా ఏడ్చి, ఆ చేతులతోనే ఎత్తి ఇచ్చావు చూడు, అది నాకంటే కష్టమైన పని. నా గుండెను పొగడకు. దాని సంగతి నాకు తెలుసు.

షెడ్డు జోలికి మాత్రం పోకు. భాయ్ రిటైర్ అయ్యేదాకా ఆగు. మగవాళ్ళకు ఒక మూల అయినా ఉండాలి. బొగ్గు ఏమన్నా అన్నం అడుగుతుందా? ఈ ఒక్క మాట నా కోసం విను.

మోకాళ్ళ నొప్పులు బాగానే ఉన్నాయి. మెహ్రీన్‌కు ఆఫీసులో పని పెరిగింది. ఇక్కడ వానలు ఆగలేదు.

నుస్రత్

•

గోదావరిఖని,
అక్టోబరు 9, 2024.

ఆపాకు,

ఉత్తరం మొదటి సగం చదివి గాల్లో తేలాను. రెండో సగం చదివి నవ్వుకున్నాను. నువ్వు కూడా మీ భాయ్ పార్టీయేనా? ఎవరికీ పని లేనిది ఇంట్లో ఉండొద్దన్నది నువ్వే, బొగ్గును మాత్రం ఉండనీయమన్నది నువ్వే. నీ మాటలో మొదటిదాన్నే పట్టుకున్నాను.

వెనక లైనులో సమ్మవ్వ అని ఉంది. నువ్వు వెళ్ళాక వచ్చినవాళ్ళు. భర్తకు కాంట్రాక్టు పని, అదీ ఉన్ననాడు ఉంటుంది. ఆమె చావులకూ పెళ్ళిళ్ళకూ వంట చేస్తుంది. టెంటుహౌసు నుంచి అల్యూమినియం గిన్నెలు కిరాయికి తెచ్చుకొని బొగ్గుల పొయ్యి మీద వండుతుంది. మనిషి ఇంతే ఉంటుంది గానీ వంద మందికి వండి కూడా ముఖం చిట్లించదు. ఆమె చేతి సాంబారు తిన్నవాళ్ళు ఆమె పేరు అడిగి పోతారు. బొగ్గు ఉంటే ఇవ్వమ్మా అని నన్ను ఎన్నిసార్లో అడిగింది. దీనితో ఎవరికి పని? సమ్మవ్వకు. ఇంకేం కావాలి?

ఇవాళ పొద్దున మీ భాయ్ ఫస్టు షిఫ్టుకు పోగానే ట్రాలీ ఆటో పిలిపించాను. డ్రమ్ముతో సహా తీసుకుపొమ్మన్నాను. ఇద్దరు మగవాళ్ళు పట్టుకున్నా ఓ పట్టాన కదలలేదంటే చూడు ఎంత బరువో. సమ్మవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. వాళ్ళింటి దాకా వెళ్ళి, పొయ్యి పక్కన దింపించి వచ్చాను.

ఇప్పుడు షెడ్డు కడిగి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ భాయ్ వచ్చాక తుఫాను తప్పదు. గొడుగు సిద్ధంగా పెట్టుకున్నాను.

మర్నాడు రాస్తున్నది:

తుఫాను రాలేదు ఆపా. వస్తే బాగుండేది. షెడ్డు తలుపు తీసి, డ్రమ్ము ఉన్నచోట నేల మీద మిగిలిన గుండ్రటి మరక చూశాడు. ఎవరికి ఇచ్చావని మాత్రం అడిగాడు. చెప్పాను. అక్కడే కూలబడ్డాడు. అన్నం తినలేదు. బొగ్గు కోసం ఏ మనిషైనా ఇంత బాధపడతాడా? నాకు భయం వేస్తోంది. నీకు ఒక చీటీ రాసి మడిచి, నన్ను చదవొద్దన్నాడు. నేను చదవలేదు. ఇందులోనే పెడుతున్నాను.

సువార్త

•

నుస్రత్ భాభీకి సామ్యేల్ రాయునది.

నువ్వు నా దగ్గర పెట్టిన అమానత్ కాపాడలేకపోయిన. సువార్తకు ఎరుక లేక ఇచ్చింది, ఆమె తప్పు లేదు. నేను పోయి సమ్మవ్వను అడిగి తెస్త. కని అడిగితె సువార్తకు తెలుస్తది, చెప్పనని నీకిచ్చిన మాట పోతది. రెండిట్ల ఏది పోగొట్టుకోవాల్నో నువ్వే చెప్పు. మొయిన్ భాయ్ ఉంటె నన్ను తిట్టేటోడు. తిట్టినా మంచిగుండు.

•

శ్రీరాంపూర్,
అక్టోబరు 19, 2024.

సువార్తకు,

కోపం రాలేదని అబద్ధం రాయను. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆ కోపమంతా మెహ్రీన్ మీద చూపించాను. తర్వాత భాయ్ చీటీ మళ్ళీ చదివాను. ఇక దాచడంలో అర్థం లేదు.

నువ్వు ఇచ్చింది బొగ్గుల డ్రమ్ము కాదు. ఆ గోనెసంచీ లోపల ఉన్నది ఆయన రాగి దేగ్.

నేను బస్సెక్కే ముందు రోజు అది ఎవరికి ఇవ్వాలో తోచలేదు. అన్నీ ఇచ్చాను గానీ దాని దగ్గర చేయి రాలేదు. కారణం ఉంది. సామ్యేల్ భాయ్, ఆయన ఒకే షిఫ్టులో గనిలోకి ఎన్నేళ్ళు దిగారో నీకు తెలుసు. ఒకసారి లోపల పైకప్పు రాలినప్పుడు భాయ్ ఆయన్ను లాగి బయట వేశాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆయన అన్నాడు: "సామ్యేల్ రిటైర్ అయిన్నాడు నా దేగ్ల నేనే వండుత. ఇంకెవల్ని పొయ్యి దగ్గరికి రానియ్య." లైనులో అందరి దావత్‌లకూ వండిన మనిషి తన రిటైర్‌మెంటు చూడకుండానే పోయాడు. ఆ మాట ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరికి పంచను?

అందుకని భాయ్ దగ్గర పెట్టాను. రాగి అని తెలిస్తే దొంగలు ఆగరని, గోనె చుట్టి లోపల బొగ్గు నింపుదామన్నాడు. మన ఖనిలో బొగ్గు కిందికి ఎవడు చూస్తాడని నవ్వాడు. నీకు చెప్పొద్దన్నది నేనే. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకు తెలిస్తే లైనంతా వచ్చి వాడుకొని ఇస్తామని అడుగుతారు, నువ్వు కాదనలేవు. భాయ్ రిటైర్ అయ్యే రోజు వరకు దాన్ని ఇంకెవరి పొయ్యి మీదా పెట్టొద్దనుకున్నాను.

నా గుండెను మెచ్చుకున్నావు. రెండు సంచులతో వెళ్ళిపోయిందని నల్లా దగ్గర కథలు చెప్పుకున్నారు. ఇప్పుడు వినండి. ఏదీ పారేయని సువార్త గోడ పక్కన ఉంది కాబట్టి నేను అన్నీ వదిలి పోగలిగాను. నీ ఇంట్లోకి పోయింది ఎక్కడికీ పోదన్న ధీమా నాది. నేను మీ గడప దాటి లోపలికి రాకపోవడం కూడా జాగా లేక కాదు. లోపలికి వస్తే వెనక తలుపులోంచి షెడ్డు కనబడుతుంది. కనబడితే నేను నిలబడలేను.

ఇప్పుడు ఒక పని చెయ్యి. సమ్మవ్వ దగ్గరికి పోయి దాన్ని ఇంటికి తీసుకురా.

నుస్రత్

•

గోదావరిఖని,
అక్టోబరు 27, 2024.

ఆపా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నీ ఉత్తరం మీ భాయ్‌కి ఇచ్చాను. చదివి కళ్ళు తుడుచుకొని, "ఇగ నీకు తెలిసింది, నా నెత్తి మీది బరువు దిగింది" అన్నాడు. నేనేమో ఆ మనిషిని నెలల తరబడి పిసినారి అన్నాను, చెత్త పోగేసేవాడన్నాను. పదేళ్ళు ఒక మాటను బొగ్గు కింద పెట్టుకొని కాపలా కాశాడని నాకేం తెలుసు? నాతో ఇన్నేళ్ళు కాపురం చేసినవాడిలో ఇంత గొప్ప మనిషి ఉన్నాడని, వస్తువులు తీసేస్తుంటే గానీ కనబడలేదు.

ఆ రోజే సమ్మవ్వ ఇంటికి పరుగెత్తాను. దారి పొడుగునా ఒకటే ప్రార్థన, ఏ పాత సామాన్లవాడికీ పోయి ఉండకూడదని.

పోలేదు. ముంగిట్లో పొయ్యి మీద ఉంది. ఎవరింట్లోనో చిన్నకర్మ భోజనాలు. అందులో పప్పు ఉడుకుతోంది. బొగ్గు తీద్దామని బోర్లించినప్పుడు రాగి మెరిసిందట. నేను చూసే ఇచ్చానని అనుకుంది. ఇంత పెద్ద చేయి ఎవరికి ఉంటుందని వాళ్ళ లైనంతా నన్ను పొగిడిందట. చింతపండు పెట్టి తోమి, లోపల కళాయి వేయించింది. ఆపా, అద్దంలా ఉంది. అంచు మీద కొట్టించిన మొయిన్ అన్న పేరు కూడా మసి పోయి కనబడుతోంది. దేగ్‌ను అంత అందంగా మన లైనులో కూడా నేనెప్పుడూ చూడలేదు.

సంగతి చెప్పాను. ఆమె "పప్పు దించంగనే కడిగి ఇస్తనమ్మా. ఒకల మాట మోసే గిన్నె నాకెందుకు? ఇన్ని దినాలు మంచిగ వండుకున్న, గదే చాలు" అంది. ఆటో కూడా ఆమే పిలిచింది. మళ్ళీ టెంటుహౌసు గిన్నెలే కదా నీకు అంటే, ముందు కూడా అట్లనే బతికిన కదా అని నవ్వింది.

పప్పు దించి కడిగేసరికి ఆటో వచ్చింది. నేను దేగ్ మీద చేయి వేశాను. ఇంకా వేడిగా ఉంది. తీసుకుపోతే మళ్ళీ ఎక్కడ పెడతాను? గోనె చుట్టి, నీ గదిలో. నువ్వు పడుకోవాల్సిన చోట. నావల్ల కాలేదు ఆపా. ఆటోను ఖాళీగా పంపేశాను.

నీ మాట కాదన్నానని కాదు. తెమ్మంటే రేపే తెస్తాను, సమ్మవ్వ కూడా ఇస్తుంది. కానీ నేను చూసింది నీకు చెప్పకుండా తేవడం న్యాయం కాదనిపించింది. వస్తువు చోటు కళ్ళతో చూడమన్నావు. చూశాను. ఇక నువ్వు ఏది చెబితే అది.

సువార్త

•

శ్రీరాంపూర్,
నవంబరు 8, 2024.

చెల్లె,

నాలుగైదు రోజులు నీతో మనసులోనే కొట్లాడాను. నా మాటతో నన్నే కొడతావా అని. తర్వాత ఒక పొద్దున చాయ్ పెడుతుంటే, పొయ్యి మీద ఉడుకుతున్న దేగ్ కళ్ళ ముందుకు వచ్చింది. పదేళ్ళుగా నాకు అది గోనెలోనే కనబడేది.

తేవొద్దు. అక్కడే ఉండనీ.

సమ్మవ్వకు చెప్పు, నవంబరు ముప్పైకి వేరే వంట ఒప్పుకోవద్దని. సామ్యేల్ భాయ్ దావత్‌కు ఆ దేగ్ తీసుకొని రావాలి. బియ్యం, మసాలా దగ్గరికి మాత్రం రానీయను. నేను వండుతాను. ఆయన మాట ఇచ్చాడు, ఆయన లేడు, నేనున్నాను.

ముందు రోజే వస్తాను. చెవి మిషను డబ్బాలోంచి తీశాను. పొద్దున మెహ్రీన్ ఎంత గట్టిగా అన్నం నములుతుందో ఇప్పుడు తెలిసింది.

నుస్రత్

•

గోదావరిఖని,
నవంబరు 17, 2024.

ఆపా,

రామగిరి వెళ్ళి నీ గది కడిగి వచ్చాను. అందులో ఏమీ లేదు. తలుపు తానే తీశాడు మీ భాయ్. రా.

సువార్త

•

శ్రీరాంపూర్,
డిసెంబరు 6, 2024.

నా చెల్లె సువార్తకు,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. నువ్వు చూసినవి మళ్ళీ రాయను. నువ్వు వడ్డనలో పరుగెత్తుతూ చూడనివి రాస్తాను.

షామియానా వెనక పొయ్యి దగ్గర నేను, సమ్మవ్వ ఉన్నాం. మసాలా ముట్టనీయనని పౌరుషంగా రాశాను కదా. ఎసరు పోసే దగ్గర గిన్నె ఎత్తి ఆగిపోయాను. ఆమె నా చేతి కింద తన చేయి పెట్టింది. ఇద్దరం కలిసి పోశాం. అన్నం దమ్ము మీద ఉన్నప్పుడు ఆ వాసనకు నాకు ఆయన తిట్లు కూడా వినబడ్డట్టు అయింది, నిప్పు తగ్గించు అని. తగ్గించాను.

ముందు మైకులో ఎవరెవరో మాట్లాడారు. పూలదండలు, శాలువాలు. తర్వాత సామ్యేల్ భాయ్ గొంతు వచ్చింది. భాయ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కదా. "ఇయ్యాల నేనొక్కన్నే రిటైర్ అయితలేను. మొయిన్ భాయ్ కూడ నాతోనే అయితుండు. ఇద్దరం ఒక్క షిఫ్టోళ్ళం" అన్నాడు. అంతే, మైకు ఇచ్చేశాడు.  నేను కొంగుతో దేగ్ అంచు పట్టుకొని నిలబడ్డాను. ఆ మిషను పెట్టుకోకపోతే ఈ మాట నాకు జన్మలో వినబడేది కాదు. పదేళ్ళుగా నా మనిషికి దొరకని దావత్ ఆ రోజు దొరికింది, సువార్తా. సామ్యేల్ వంటి స్నేహితుడు, నీ వంటి చెల్లె ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఈ మాట నీ ఎదుట నోటితో అనలేక కాగితం మీద అంటున్నాను.

అందరూ తిన్నాక దేగ్‌ను నేనే తోమాను. సమ్మవ్వ వద్దంటున్నా వినలేదు. తోమి, తుడిచి, ఆమె ఆటోలో పెట్టించాను. నాకు తెలియకుండా నువ్వు ఇచ్చినది వేరు. ఇది నేను నా చేత్తో ఇచ్చాను. ఆమె పేరు కూడా అంచు మీద ఆయన పేరు పక్కన కొట్టించమని చెప్పాను. ఎవరింట్లో వండినా ఇద్దరినీ తలుచుకుంటారు.

ఇక ఆ గది. నాలుగు రాత్రులు పడుకున్నాను. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయినప్పుడు నువ్వు అలవాటు కొద్దీ సజ్జ వైపు చూశావు. గిన్నెలేవీ మోగలేదు. మోగడానికి అక్కడ ఏమీ లేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వాం. అంత ఖాళీ ఇంట్లో అంత నిండుగా నేను ఎన్నడూ కూర్చోలేదు.

ఈపాటికి నువ్వు చూసే ఉంటావు. ఆ గది కొక్కానికి నేను నమాజుకు పరుచుకునే జానమాజ్ వేలాడుతోంది. మరిచిపోయానని మెహ్రీన్‌కు ఫోన్ చేయకు, పోస్టులో పంపకు. పదేళ్ళ కింద మీ ఇంట్లో ఒక వస్తువు దాచి, దాని కోసం లోపలికి రాలేకపోయాను. ఇప్పుడు దాచకుండా ఒకటి పెట్టి వచ్చాను.

దీనితో ఎవరికి పని అని నువ్వు అడుగుతావు. నాకే. రోజుకు ఐదుసార్లు.

నుస్రత్